కూతవేటు

"చావు ఎక్కడ జరిగింది?"
అని అడిగింది వకీలు ప్రెగెల్.
నేను రాసుకున్నాను. నా పని రాసుకోవడమే.

కార్స్ట్ పీఠభూమి మీద
ఎర్రమన్ను పలచన, సున్నపురాయి మందం.
నేల ఎక్కడ పడితే అక్కడ నోరు తెరుస్తుంది.
అలాంటి ఒక నోట్లో
యుస్తినా గారి తొలిచూలు ఆవు పడింది.

గుంట అంచు వ్రత్‌నిక్ పంచాయతీది.
వాలుగా జారి జారి, నలభై మీటర్ల కింద, అడుగు
పొద్‌బ్రెజ్యే పంచాయతీది.
పడటం ఒక ఊళ్లో మొదలై
ఆగటం ఇంకో ఊళ్లో అయినప్పుడు
మధ్యలో ఆ మూడు క్షణాలు
ఏ కోర్టు పరిధిలోవి?

"సంఘటనా స్థలం" అన్న గడి
నా ఫారంలో రెండంగుళాలుంటుంది.
ఆవు అందులో పట్టలేదు.

సాక్షి తదేయా, గుహల్లో పురుగులు లెక్కపెట్టే మనిషి.
అరవై ఏళ్ల కిందట అదే గుంటలో
బెల్లంరంగు పురుగొకటి దొరికిందట, కళ్లు లేనిది.
లోకంలో దానికి మొదట పేరు పెట్టింది
ఈ తావున దొరికినదాన్ని చూసే కాబట్టి
ఇక ఏ దేశపు చీకట్లో అలాంటిది కనబడ్డా
ఇక్కడిదాని పక్కన పెట్టి చూడాల్సిందేనట.
మ్యూజియంలో సూదికి గుచ్చిన దాని కింద
గోరంత కాగితం: "వ్రత్‌నిక్ దాపున."
"దాపున అంటే?" జడ్జి అడిగాడు.
"అంతేనండీ. పట్టుకున్నాయన పోయాడు.
దాపున అన్న మాట మిగిలింది."

వెనక బెంచీలో ఎవరో నవ్వారు.
నాకు రాలేదు నవ్వు.
నా పుట్టిన పత్రంలో ఊరు ఇదే,
దేశం పేరు మాత్రం
ఇప్పుడు ఏ పటంలోనూ లేదు.

విరామంలో, కాఫీ మిషను దగ్గర,
గార్డు ఇజిదోర్ అందుకున్నాడు.
ట్రియెస్ట్‌లో రెండేళ్లు భౌతికశాస్త్రం వెలగబెట్టినవాడు.
"తాకనిదేదీ దేన్నీ కదపలేదు, అది మొదటి పాఠం.
ఇది పక్కదాన్ని తోస్తుంది, పక్కది దాని పక్కదాన్ని.
తర్వాత జంట కణాలని వచ్చాయి.
ఒకటి ఈ కొసన, ఒకటి ఆ కొసన,
మధ్యలో ఎవరూ ఎవర్నీ తోయకుండానే
రెండూ ఒక్కమాట మీదుంటాయి.
అక్కడ మానేశాను చదువు."
నాణెం మింగి ఊరుకున్న మిషనుని
పక్కన ఒక్కటిచ్చాడు. కాఫీ వచ్చింది.

మధ్యాహ్నం యుస్తినా బోనెక్కింది.
"సంగతి తెలిసినప్పుడు మీరెక్కడున్నారు?"
"ఇక్కడే."
"ఇక్కడంటే, కోర్టులోనా?"
"ఇక్కడేనమ్మా, మా గొడ్లపాక ముందు."
తన ఇక్కడను చేతిసంచిలో వేసుకుని
బస్సెక్కి వచ్చింది ఆమె.

"మీకంటే ముందు వెంచెస్లావ్ వచ్చాడన్నారు.
అవతలి పంచాయతీ మనిషి.
పదకొండేళ్లుగా గోడ తగాదా, మాటల్లేవు. ఎలా తెలిసింది?"
"అది అరిచింది. ఆయన విన్నాడు."
"ఎంత దూరం?"
"కూతవేటు."
"మీటర్లలో చెప్పండి."
"గాలిని బట్టి."

ఆ రాత్రి బుర్యా వీచింది.
పెంకుల మీద రాళ్లు బరువు పెట్టినా
ఇళ్లు పళ్లు నూరే గాలి అది.
దానికి సరిహద్దు రాళ్లు చదవడం రాదు.
వెంచెస్లావ్ తాడూ లాంతరూ పట్టుకుని దిగాడు.
పైకి తేవడం ఒక మనిషి పని కాదు.
తెల్లారేదాకా దాని మెడ మీద చెయ్యేసి
కింద కూర్చున్నాడు.
"చావెక్కడ, చావెక్కడ అని పొద్దుట్నించీ
ఒకటే అడుగుతున్నారు కదమ్మా," అంది యుస్తినా,
"ఆయన అరచేతి కింద."

ప్రెగెల్ కాగితాలు సర్దుకుంది.
అక్షాంశ రేఖాంశాలు నమోదు చేయమన్నాడు జడ్జి.
చేశాను, దశాంశం తర్వాత ఐదంకెల దాకా.

తీర్పు చెరిసగం వచ్చింది. కంచె లేచింది.
ఆ ఇద్దరికీ ఇంకా మాటల్లేవు.
బుర్యా వీచే రాత్రుల్లో మాత్రం
అటూ ఇటూ, రెండిళ్లలోనూ
కిటికీ రెక్క వేలెడంత తీసి ఉంచుతారట.
ఇది నేను విన్నమాట.
చట్టంలో విన్నమాట సాక్ష్యం కాదు.
అయినా రాశాను.